మెత్తని ట్రిగ్గర్

ఆ వీధిలో అందరికీ ఆమె వదినే. ప్యాంటు పొడవు తగ్గించమని వచ్చే కాలేజీ పిల్లలు, కోటు చేతులు సరిచేయించుకునే బ్యాంకు ఉద్యోగులు, ఎదురింటి ముసలాయన, అందరూ వరసలు ఎలా కుదిరాయో ఆలోచించకుండా "వదినా" అనే పిలిచేవారు. దాంతో ఆమె భర్త ఏ ప్రయత్నమూ చెయ్యకుండానే ఊరందరికీ అన్నయ్య అయిపోయాడు. ఆయన ప్రింటింగ్ ప్రెస్‌లో పని ముగించుకుని వస్తుంటే దారి పొడుగునా పలకరింపులే.

నిజానికి ఆమెను వదినా అని పిలవాల్సిన వరస ఉన్న మనిషి ఒక్కతే. భర్తకు ఒక్కగానొక్క చెల్లెలు. ఆమెకు ఇంట్లో పెట్టిన ముద్దుపేరు పిడుగు. నలభై దాటినా ఆ పేరు పోలేదు, పేరుకు తగ్గ గుణమూ పోలేదు. ఊరి ఈతకొలనులో పిల్లలకు ఈత నేర్పడం ఆమె ఉద్యోగం. ఆమె గొంతు కొలను గేటు దాకా వినిపించేది. పెళ్ళి మాట ఎవరైనా ఎత్తితే, "ముందు ఈత నేర్చుకుని రమ్మనండి, తర్వాత చూద్దాం" అనేది. ఆ మాట విని ఒకాయన నిజంగానే వచ్చి చేరాడు గానీ, రెండో రోజే కడుపు నిండా నీళ్ళు తాగి మళ్ళీ కనిపించలేదు.

ఆదివారం వస్తే పిడుగు తనతో పనిచేసేవాళ్ళను వెంటేసుకుని ఊరి చివర గ్రౌండ్‌కి పెయింట్‌బాల్ ఆడటానికి పోయేది. రంగు నింపిన గోళీల్లాంటి గుళ్ళను గ్యాస్ ఒత్తిడితో ఒకరి మీద ఒకరు పేల్చుకునే ఆట అది. ఒంటి మీద గుండు పగిలి రంగు అంటుకుంటే ఆ మనిషి అవుట్. సాయంత్రానికి మోచేతుల మీద నీలం, మెడ మీద పసుపు వేసుకుని అన్నగారింటికి భోజనానికి వచ్చేది. వదిన ఆ బట్టలు చూసి నెత్తి కొట్టుకునేది. అయినా నానబెట్టి, ఉతికి, చిరిగిన చోట కుట్టి ఇచ్చేది.

అలాంటి మనిషి కొలను గట్టు మీద జారిపడింది. తడి నేల మీద పరుగెత్తకండని పొద్దస్తమానం పిల్లల మీద అరిచే మనిషి, ఫోన్ మోగుతోందని తనే పరుగెత్తింది. కుడి మణికట్టు విరిగింది, చూపుడువేలు ఎముక చిట్లింది. అన్నయ్య వెళ్ళి ఆమెను తమ ఇంటికి తీసుకొచ్చేశాడు. కట్టు విప్పాక మణికట్టు తొందరగానే దారికొచ్చింది. వేలు మాత్రం పుల్లలా బిగుసుకుని ఉండిపోయింది.

వ్యాయామం నేర్పే డాక్టరమ్మ ఒక రబ్బరు బంతి ఇచ్చి, రోజూ పిసకమంది. రెండు రోజులు గడిచేసరికి ఆ బంతి సోఫా కిందికి దొర్లి అక్కడే స్థిరపడింది. వదిన ఊడ్చేటప్పుడు తీసి బల్ల మీద పెట్టేది. అది మళ్ళీ సోఫా కిందే తేలేది. కొలను మేనేజరు ఫోన్ చేసి ఎప్పుడొస్తారని అడిగితే, "చూద్దాం సార్" అని పెట్టేసేది. ఆటవాళ్ళు ఫోన్ చేస్తే అసలు ఎత్తేదే కాదు. పొద్దున కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుంటే మధ్యాహ్నం అన్నానికి లేచేది. ఆ ఇంట్లో ఎప్పుడూ, "కాస్త నోటికి విశ్రాంతి ఇవ్వమ్మా" అని బతిమాలే అన్నయ్యే, "ఏదో ఒకటి మాట్లాడవే, భయమేస్తోంది" అని అడగాల్సి వచ్చింది.

ఒకరోజు వదిన తన కుట్టు మిషన్‌కి దారపు కండె పెట్టే బాబిన్ కేసు కోసం పాత సామాన్ల బజారుకు వెళ్ళింది. తిరగని ఫ్యాన్లు, మూత లేని మిక్సీలు, ప్రింటర్లు పోసుకుని కూర్చున్న ఒక కొట్టతని దగ్గర, వాటి మధ్య నల్లటి పిడి ఒకటి కనిపించింది. పిడుగు ఫోన్‌లో ఫొటోలు చూపించినప్పుడు అలాంటిది చూసిన గుర్తు. కింద చిన్న గ్యాస్ సీసా కూడా బిగించి ఉంది.

"పనిచేస్తుందా ఇది?"

"చేస్తుందమ్మా. చిన్న రిపేరు అంతే. కొంచెం గ్యాస్ లీకవుద్ది."

"దీనికి గ్యాసే కదా ప్రాణం."

"అందుకే కదమ్మా ఈ రేటుకి ఇస్తున్నా."

వదిన కాసేపు బేరమాడి, దాన్ని కూరల సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చింది. పిడుగు కూర్చున్న కిటికీ గట్టు మీద పెట్టింది.

"ఇదేంటి?" అంది పిడుగు.

"తుపాకీ. నీకోసమే."

"తుపాకీ అనకూడదు వదినా. మార్కర్ అనాలి. గ్రౌండ్‌లో తుపాకీ అంటే నవ్వుతారు."

ఆ వారంలో పిడుగు నోటి నుంచి వచ్చిన అతి పెద్ద ప్రసంగం అదే. వదిన లోపల సంబరపడింది గానీ ముఖంలో కనపడనివ్వలేదు. పిడుగు మార్కర్‌ను ఎడం చేత్తో అటూ ఇటూ తిప్పి చూసింది, చెవి దగ్గర పెట్టుకుని బుస్సుమనే శబ్దం విన్నది.

"నీకెవరో బాగా అంటగట్టారు. రెండు చోట్ల లీకుంది. తిరిగిచ్చేసి రా" అని కిటికీలోంచి బయటికి చూడటం మొదలుపెట్టింది.

వదిన తిరిగి ఇవ్వలేదు. ముందుగదిలో బట్టలు కత్తిరించే బల్ల మీద పాత దుప్పటి పరిచి, మిషన్ స్క్రూడ్రైవర్ తీసుకుని కూర్చుంది. మిషను విప్పడం వచ్చిన చేతికి ఇదేం బ్రహ్మవిద్య అనుకుంది. మొదటి స్క్రూ తిప్పుతుండగా లోపలి గది నుంచి పరుగులాంటి అడుగుల చప్పుడు వినిపించింది.

"గ్యాస్ సీసా తియ్యకుండా విప్పుతున్నావా? ఒళ్ళు దగ్గరుందా నీకు? ముందది ఆపు."

"నువ్వే కదా తిరిగిచ్చేసి రమ్మన్నావు. ఇప్పుడు నీకేం పట్టింది?"

"నాకు పట్టలేదు. కానీ అన్నయ్యకి ఒకే పెళ్ళాం ఉంది" అంటూ పిడుగు స్టూలు లాక్కుని బల్లకి అవతల కూర్చుంది.

అలా పని మొదలైంది. నోరు పిడుగుది, చేతులు వదినవి. ముందు సీసా విప్పించింది. గొట్టంలో మిగిలిన గ్యాస్‌ను పీలికల బస్తా వైపు తిప్పి వదిలించింది. తర్వాత వెనక ఉన్న పిన్ను లాగించింది. "నెమ్మదిగా, వెనకాల స్ప్రింగు ఉంటుంది" అని పిడుగు అనేలోపే ఆ స్ప్రింగు ఎగిరి, అల్మారా పైన పడింది. వదిన కుర్చీ ఎక్కి దాన్ని దించింది. దాంతోపాటు ఎప్పుడో పోయిందనుకున్న కొలతల టేపు కూడా దొరికింది.

లోపలి భాగాలన్నీ దుప్పటి మీద వరసగా పేర్చారు. గుండును ముందుకు తోసే బోల్టు, దాన్ని కొట్టే సుత్తిలాంటి ముక్క, స్ప్రింగులు, సన్నని నల్ల రబ్బరు రింగులు. రింగుల్లో ఒకటి ఎండి, గిల్లితే తునిగిపోయేలా ఉంది. సీసా బిగించే చోటిది అది. వదిన దాన్ని కాగితంలో చుట్టుకుని మూలమీదున్న కుళాయి సామాన్ల కొట్టుకి వెళ్ళి, అదే సైజువి నాలుగు తెచ్చింది. తిరిగొచ్చేసరికి, మాటిచ్చినట్టు స్టూలు మీదే కూర్చుని ఉంది పిడుగు. కిటికీ దగ్గరికి పోలేదు.

ఉత్సాహం కొద్దీ వదిన కొత్త రింగు మీద మిషన్ నూనె రెండు చుక్కలు వెయ్యబోతే పిడుగు గబుక్కున నూనె సీసా లాగేసుకుంది.

"ఆ నూనె వద్దు. కొన్ని రబ్బర్లు ఉబ్బిపోతాయి. దీనికి వేరే నూనె ఉంటుంది, నా సంచిలో ఉంది."

"నీ సంచీ మీ ఇంట్లో ఉంది."

"అన్నయ్యని పంపు."

ప్రెస్ నుంచి వచ్చి కాళ్ళు కడుక్కోకుండానే అన్నయ్య మళ్ళీ గుమ్మం దిగాడు. చెల్లెలు ఏదో ఒకటి అడిగింది, ఆయనకు అదే పదివేలు. గంట తర్వాత పెద్ద నల్ల సంచి భుజాన వేసుకుని వచ్చాడు. అందులో ముఖానికి పెట్టుకునే మాస్కు, నూనె, గుండు బయటికొచ్చే బ్యారెల్ గొట్టాన్ని తుడిచే కర్ర, సగం వాడిన నారింజరంగు గుళ్ళ ప్యాకెట్టు ఉన్నాయి. మర్నాడు అదే మనిషి అగ్నిమాపక సిలిండర్లు నింపే షాపుకు పోయి, ఆ బుల్లి సీసాలో గ్యాస్ కూడా నింపించుకొచ్చాడు.

మళ్ళీ బిగించాక గ్యాస్ పొయ్యికి చూసినట్టే సబ్బునీళ్ళు రాసి చూశారు. సీసా దగ్గర బుడగలు రాలేదు. బ్యారెల్ మూతి దగ్గర మాత్రం సన్నగా బుసకొడుతూనే ఉంది. మళ్ళీ గ్యాస్ వదిలించి, మళ్ళీ విప్పారు. గ్యాస్‌ను ఆపే చిన్న మూతకి, అది కూర్చునే గుంటకి మధ్య ఎప్పటిదో ఎండిపోయిన రంగు పెచ్చు ఇరుక్కుని ఉంది. వదిన గోరువెచ్చటి నీళ్ళలో ముంచిన మెత్తని గుడ్డతో దాన్ని తుడిచి, వెలుతురుకి పెట్టి చూసింది.

"పోయిందా?" అంది పిడుగు.

"పోయింది. మీ అన్నయ్య చొక్కా కాలరు మీద కూడా ఇంత శ్రద్ధ పెట్టలేదు నేను."

"వింటున్నా" అన్నాడు అన్నయ్య వంటింట్లోంచి.

ఈసారి బిగిస్తే చప్పుడు లేదు. ఇద్దరూ చెవులు ఆనించి విన్నారు. బుసబుసలేవీ లేవు. పిడుగు నవ్వింది. ఎముక విరిగాక అదే మొదటిసారి.

పెరట్లో దండెం మీద అన్నయ్య పాత ప్యాంటు ఒకటి గురిగా వేలాడదీశారు. ఉన్నది ఒకటే మాస్కు కాబట్టి దాన్ని వదినకి పెట్టి, పిడుగు వంటింటి తలుపు వెనక నిలబడి కిటికీ అద్దంలోంచి ఆజ్ఞలు జారీ చేసింది. మొదటి గుండు పుస్సుమని వచ్చి నాలుగడుగుల దూరంలో పడి దొర్లింది.

"ముసలివాళ్ళు ఉమ్మినట్టుంది. వెనక స్క్రూ కొంచెం బిగించు. కొంచెమే."

వదిన బిగించింది. రెండో గుండు బాగానే పోయింది గానీ, ప్యాంటు పక్కనుంచి పోయి గోడకు తగిలింది. మూడోది పేల్చే సమయానికి, పెరట్లో అప్పుడే గురి చూస్తున్నారని తెలియని అన్నయ్య పక్కసందులోంచి వచ్చి దండెం మీద బట్టలు తియ్యబోయాడు. టప్‌మంది. ఆయన చేతిలో ఉన్న ప్యాంటు మోకాలి మీద నారింజరంగు పువ్వు పూసింది. ఆయన ప్యాంటు వంక చూశాడు, మాస్కులో ఉన్న భార్య వంక చూశాడు.

"ఇన్నేళ్ళ కాపురంలో ఇప్పటిదాకా మాటలతోనే సరిపెట్టావు కదే" అన్నాడు.

తలుపు వెనక పిడుగు కింద కూర్చుని మరీ నవ్వింది.

ఇంకొక తంటా వచ్చింది. నాలుగుసార్లు పేలిస్తే ఒకసారి గుండు లోపలే చితికి, బ్యారెల్ నిండా నారింజ ముద్ద అవుతోంది. ఒక గుండు లోపలికి దిగాక రెండోది దాని వెంట జారకుండా ఆపే ప్లాస్టిక్ నాలుక ఒకటి ఉంటుందనీ, అది అరిగిపోయి ఉంటుందనీ పిడుగు చెప్పింది. అది అలాంటి పాతవాటికి ఎక్కడా దొరకదంది. వదిన ఆ అరిగిన ముక్కను వేళ్ళ మధ్య పెట్టి వంచి చూసింది. తర్వాత డ్రాయరు తెరిచి, చొక్కా కాలరు ముడత పడకుండా లోపల పెట్టే ప్లాస్టిక్ పుల్ల తీసింది. మొదట కత్తిరించింది పొడుగైపోయి, గుండు లోపలికే దిగలేదు. రెండోది మరీ పొట్టి. మూడోదాని అంచు గోళ్ళు అరగదీసే ఆకురాయితో గుండ్రంగా చేసి పెడితే, గుళ్ళు ఒకదాని వెనక ఒకటి బుద్ధిగా దిగాయి.

"ఇక నువ్వు పేల్చు" అంది వదిన, మాస్కు తీసి అందిస్తూ.

పిడుగు మాస్కు పెట్టుకుంది. మార్కర్ భుజానికి ఆనించింది. ఆ నిలబడే తీరులోనే పాత మనిషి కనిపించింది. చూపుడువేలు ట్రిగ్గర్ మీద వేసి నొక్కింది. ట్రిగ్గర్ సగందాకా వచ్చి ఆగిపోయింది. రెండో చెయ్యి సాయం తీసుకుని మళ్ళీ నొక్కింది. ప్యాంటు గాలికి ఊగుతూ ఉంది, గుండు మాత్రం రాలేదు.

మార్కర్ కింద పెట్టి పెరటి మెట్టు మీద కూర్చుంది. మాస్కు తియ్యలేదు. లోపల ఏడుస్తోందని భుజాలు చూస్తే తెలిసింది. వదిన వెళ్ళి పక్కన కూర్చుంది. చీర కొంగు మీద పడ్డ రంగును గోటితో గీకుతూ ఉంది.

"ఆట పోతే పోయింది వదినా. ఆట గురించి కాదు" అంది పిడుగు, మాస్కులోంచి గొంతు డబ్బాలోంచి వచ్చినట్టు వస్తుండగా. "కొత్తగా వచ్చిన పిల్లల్ని నీళ్ళలోకి దించేటప్పుడు ఈ చేత్తోనే నడుం దగ్గర పట్టుకుంటాను. వాళ్ళు జారతారు. తడిగా ఉంటారు కదా. తన్నుకుంటారు. ఈ వేలు వంగకపోతే పట్టు దొరకదు. జారిపోతే?"

"ఆ సంగతి మీ మేనేజరుకి చెప్పావా?"

"చెప్తే టికెట్ల కౌంటరులో కూర్చోబెడతాడు. అక్కడ కూర్చుంటే ఇక అక్కడే."

వదిన లేచి లోపలికి వెళ్ళి రెండు గ్లాసుల టీ పెట్టుకొచ్చింది. పిడుగు మాస్కు కొద్దిగా పైకెత్తి టీ తాగింది.

ఆ మధ్యాహ్నం పిడుగు పడుకున్నాక వదిన మార్కర్ మళ్ళీ బల్ల మీదికి తెచ్చింది. ట్రిగ్గర్ వెనక ఉన్న స్ప్రింగు తీసి చూసింది. గట్టి తీగ. పాత మిషన్లలోంచి తీసి ఒక డబ్బాలో దాచిన స్ప్రింగులు ఆమె దగ్గర చాలా ఉన్నాయి, సన్నవీ లావువీ. వాటిలో ఏదీ నచ్చక, అన్నయ్య జేబులోని బాల్‌పెన్ను విప్పి అందులో స్ప్రింగు తీసి, సగానికి కత్తిరించి, ట్రిగ్గర్ వెనక పెట్టింది. ఒక చిన్న స్క్రూ బిగిస్తే ట్రిగ్గర్ కదలాల్సిన దూరం కూడా తగ్గింది. చిటికెనవేలితో నొక్కి చూసుకుంది. వెన్నలా దిగింది.

సాయంత్రం పిడుగు చేతికిచ్చి, "ఏదో బిగుసుకుపోయి ఉంటే నూనె వేశాను. చూడు" అంది.

పిడుగు నమ్మకం లేకుండానే నొక్కింది. టక్కుమంది. మళ్ళీ నొక్కింది. ప్యాంటు మీద నారింజ పువ్వు ఒకటి, దాని పక్కన ఇంకొకటి.

"నూనెతో ఇంత తేడా వస్తుందా?"

"మిషన్లకి వస్తుంది మరి" అంది వదిన.

ఇక ఆ రోజు నుంచి పొద్దున్నా సాయంత్రం పెరట్లో టకటకలే. గుళ్ళు అయిపోతే వట్టి గ్యాస్‌తో, గ్యాస్ అయిపోతే అది కూడా లేకుండా, ఊరికే నొక్కుకుంటూ కూర్చునేది. కిటికీ దగ్గర కుర్చీ ఖాళీ అయి, దాని మీద ఉతికిన బట్టలు చేరాయి.

వదిన తన వృత్తిలో నేర్చుకున్న విద్య ఒకటుంది. పెళ్ళినాటి సూటు ఇప్పటికీ పడుతుందనుకునే మగవాళ్ళకు నడుం పెరిగిందని చెప్తే మనసు కష్టపడుతుంది. అందుకని ఇస్త్రీకని తీసుకుని, చెప్పకుండా లోపలి కుట్టు కాస్త వదులు చేసి ఇచ్చేది. వాళ్ళు తొడుక్కుని, "చూశావా వదినా, నేనేం మారలేదు" అని మురిసిపోయేవారు. ఇప్పుడు అదే విద్యను తిరగేసి వాడింది. పిడుగు స్నానానికి వెళ్ళినప్పుడు పెన్ను స్ప్రింగు తీసి, కాస్త గట్టిది పెట్టింది. కొన్నాళ్ళకు ఇంకొంచెం గట్టిది. ఒక్కోసారి స్ప్రింగు మార్చకుండా స్క్రూ మాత్రమే పావువంతు తిప్పేది. తొందరపడి రెండూ ఒకేసారి మార్చిన రోజున పిడుగు, "ఇవాళ వేలు సరిగ్గా లేదు వదినా" అని దిగాలుగా వచ్చింది. వదిన ప్రాణం ఉసూరుమంది. ఆ పూటే స్క్రూ వెనక్కి తిప్పేసి, "వాతావరణం చల్లగా ఉంది కదా, అందుకే" అని వాతావరణం మీదికి నెట్టేసింది.

ఈ రహస్యం అన్నయ్యకు తెలుసు. జేబులో పెన్నులు ఒకదాని తర్వాత ఒకటి బోలుగా తయారవుతుంటే తెలియక చస్తుందా. ప్రెస్‌లో పెన్సిలు వాడటం మొదలుపెట్టాడు.

డాక్టరమ్మ వేలు పట్టుకుని వంచి చూసి, "మీరేం చేస్తున్నారో అదే చెయ్యండి" అంది. పిడుగు అది రబ్బరు బంతి మహిమ కాదని ఒప్పుకోలేక, "సరేనండి" అంది. సోఫా కింద బంతి మాత్రం దుమ్ము పట్టిపోయి ఉంది.

చివరికి ఒకరోజు వదిన ట్రిగ్గర్‌తో వచ్చిన అసలు స్ప్రింగునే తిరిగి పెట్టేసింది. భయంభయంగా తలుపు సందులోంచి చూసింది. పిడుగు మామూలుగా నొక్కింది. పక్కింటి పిల్లి మీద ఏదో వ్యాఖ్యానం చేస్తూ, చూడకుండానే మళ్ళీ నొక్కింది. వదిన వంటింట్లోకి వెళ్ళి, పని ఏమీ లేకపోయినా కాసేపు గిన్నెలు సర్దింది.

ఆ ఆదివారం పిడుగు గ్రౌండ్‌కి బయలుదేరింది. "చూడ్డానికి రా, ఊరికే కూర్చుందువు గాని" అని వదినను కూడా లాక్కుపోయింది. మార్కర్ మూతికి తొడగడానికి వదిన ముందురోజే మిగిలిన కోటు గుడ్డతో గట్టి తొడుగు కుట్టింది. లోపల అస్తరు కూడా వేసింది. అక్కడ ఆటవాళ్ళు దాన్ని చూసి, మాక్కూడా కావాలని వెంటపడ్డారు.

ఊరికే కూర్చోవడం కుదరలేదు. పిడుగు జట్టులో ఒకామె రాలేదు. ఆమె బదులు ఎవరో ఒకరు దిగకపోతే ఆట మొదలవ్వదన్నారు. అందరూ వదిన వైపు చూశారు.

"నేనా? నాకు పరుగెత్తడం రాదు."

"పరుగెత్తక్కర్లేదు వదినా. డ్రమ్ము వెనక కూర్చో. ఎవరైనా కనిపిస్తే నొక్కు" అంటూ పిడుగు ఆమె చీర కుచ్చెళ్ళ మీదనుంచే గ్రౌండ్‌వాళ్ళ వదులు ప్యాంటు ఎక్కించి, మాస్కు బిగించి, అద్దె మార్కర్ ఒకటి తెచ్చింది. ఇచ్చేముందు అలవాటుగా ఒకసారి ట్రిగ్గర్ నొక్కి చూసింది. ఆగింది. మళ్ళీ నొక్కింది.

"ఇదేంటి ఇంత మెత్తగా ఉంది?"

"అద్దెవి కదా. నలుగురూ వాడి అరిగిపోయి ఉంటుంది" అంది వదిన, అవసరం లేనంత గబగబా.

పిడుగు ఇంకో అద్దె మార్కర్ తీసి నొక్కింది. అదీ మెత్తగానే ఉంది. తన మార్కర్ నొక్కింది. నూనెతో మెత్తబడిందన్నదే అన్నిటికంటే గట్టిగా ఉంది. అప్పుడు మెల్లగా తల తిప్పి వదిన వంక చూసింది. మాస్కులో వదిన కళ్ళు తప్ప ఏమీ కనిపించలేదు. ఈలోగా విజిల్ ఊదారు.

ఇద్దరూ ఒకే డ్రమ్ము వెనక చేరారు. అవతలివైపు నుంచి గుళ్ళు వచ్చి రేకు మీద టపటపమని పగులుతున్నాయి. పిడుగు ఒకసారి తల బయటపెట్టి పేల్చి, మళ్ళీ వెనక్కి వాలింది.

"ఎప్పట్నుంచి మారుస్తున్నావు?"

"ఏం మార్చాను?"

"వదినా."

"మొదటి రోజు నుంచే" అంది వదిన. "అటు చూడవే, వస్తున్నారు."

"రానీ. నూనె అన్నావు, వాతావరణం అన్నావు. ఆ రోజు నా వేలే పాడైందనుకుని రాత్రంతా బాధపడ్డాను నేను."

"ఆ ఒక్కరోజూ నాదే తప్పు. రెండూ ఒకేసారి మార్చేశాను. సాయంత్రానికల్లా సరిచేశాగా."

"నాకు చెప్పి చెయ్యొచ్చుగా."

"చెప్తే చేసేదానివా? బంతి పిసకమంటే ఏం చేశావు?"

తప్పు తనదైనప్పుడు పిడుగుకు కోపం ఎక్కువవుతుంది. లేచి నిలబడి, నడుం మీద చెయ్యి పెట్టుకుని ఏదో అనబోయింది. అది ఆట అన్న సంగతి ఆ క్షణంలో గుర్తులేదు. ఎడం భుజం మీద ఆకుపచ్చ గుండు పగిలింది. "అయ్యో" అంటూ ఆమెను కిందికి లాగడానికి లేచిన వదినకు నడుం కింద తగిలింది. దెబ్బ పెద్దది కాదు గానీ, తగిలిన చోటును బట్టి వదినకు చెప్పలేనంత సిగ్గేసింది.

ఇద్దరూ చేతులు పైకెత్తి, ఆకుపచ్చ మరకలతో, గొడవ ఆపకుండానే గ్రౌండ్ బయటికి నడిచారు. ఎవరు లేచి నిలబడటం వల్ల ఎవరు అవుట్ అయ్యారన్నది ఇప్పుడు కొత్త తగువు. తాడు దాటాక పిడుగు మాస్కు తీసేసి, నీళ్ళ సీసా మూత తిప్పింది, కుడి చేత్తో. సగం తాగి వదినకిచ్చింది. బెంచీ మీద పక్కపక్కన కూర్చున్నారు.

"ఇప్పుడున్నది దాని అసలు స్ప్రింగేనా?" అంది పిడుగు, తన మార్కర్ వైపు చూస్తూ.

"అసలుదే. ఇక మార్చడానికి నా దగ్గర ఏమీ లేవు. మీ అన్నయ్య పెన్నులు కూడా అయిపోయాయి."

పిడుగు తన వేలు ముందుకు చాచి, మడిచి, చాచి చూసుకుంది. ఇంకా పూర్తిగా మడతపడటం లేదు, గోరు అరచేతిని తాకడం లేదు. అయినా గుప్పిట గుప్పిటలాగే ఉంది. వదిన చెయ్యి లాక్కుని మణికట్టు దగ్గర పట్టుకుని బిగించింది. వదిన, "అబ్బ" అని చెయ్యి వెనక్కి లాక్కోబోయింది. రాలేదు.

"సోమవారం కొలనుకి వెళ్తా" అంది పిడుగు.

"సోమవారం కొలనుకి సెలవు కదే."

"అయితే మంగళవారం."

మంగళవారం నిజంగానే వెళ్ళింది. మేనేజరుకు ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పింది. మొదట్లో పెద్దవాళ్ళ బ్యాచీలు తీసుకుని, చేతి మీద తనకే ధీమా వచ్చాక పిల్లల దగ్గరికి మారింది. నెలాఖరుకు తన ఇంటికి తను వెళ్ళిపోయింది. వెళ్ళేటప్పుడు అన్నయ్యకు డజను బాల్‌పెన్నుల పెట్టె కొనిచ్చింది. వదినకు ఏమీ కొనలేదు, ఆమె చెవి దగ్గర నోరు పెట్టి ఏదో చెప్పి, కావలించుకుని వెళ్ళింది. ఏం చెప్పిందని అన్నయ్య ఎంత అడిగినా వదిన చెప్పలేదు.

ఆదివారాలు వదిన షాపు మధ్యాహ్నం దాకా మూసే ఉంటోంది. కోటు కోసం వచ్చినవాళ్ళకు అన్నయ్య గుమ్మంలో నిలబడి, వదిన యుద్ధానికి వెళ్ళిందని చెప్పి పంపిస్తున్నాడు.